ఏడు బెల్లుల దారి

తిరువేంగడం ముప్ఫై ఆరేళ్ళు పోస్ట్‌మాన్‌గా పనిచేశాడు. మద్రాసులో విల్లివాక్కం నుంచి కొరట్టూరు దాకా ఆయన తొక్కని సందు లేదు, ఆయన్ను తరమని కుక్క లేదు. రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు సంచీ తీసేసుకున్నారు గానీ, సైకిల్ సొంతది కాబట్టి ఆయన దగ్గరే మిగిలిపోయింది. సైకిల్ ఉంది. ఏ ఇంట్లో ఎన్ని గదులున్నాయో, ఏ ఓనరుకి ఎంత కోపమో తెలిసిన బుర్ర ఉంది. ఇంట్లో కూర్చుంటే భార్య రాజలక్ష్మమ్మ కొత్తిమీర తుంచమంటుంది. అందుకని ఇళ్ళు చూపించే బ్రోకర్ అయ్యాడు.

ఆయన పూర్వీకులు ఏ రాజుల కాలంలో ఈ వైపు దిగివచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, కోపం వస్తే రెండూ. ఆయన తెలుగు విన్న కొత్తవాళ్ళు "మీది నెల్లూరాండీ?" అని అడుగుతారు. నెల్లూరు రైలు కిటికీలోంచి తప్ప చూడలేదని చెబితే ఎవరూ నమ్మరు.

మిగతా బ్రోకర్లు ఇల్లు దొరకగానే ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపేస్తారు. తిరువేంగడం పద్ధతి వేరు. ముందు తానొక్కడే ఆ ఇంటి గేటు నుంచి స్టేషన్‌కి, బజారుకి, బడికి సైకిల్ మీద వెళ్ళివస్తాడు. దారిలో ఎన్నిసార్లు బెల్లు కొట్టాల్సి వచ్చిందో లెక్కపెడతాడు. బెల్లు కొట్టామంటే ఎవరో మనకు అడ్డం వచ్చినట్టు, లేదా మనమే ఎవరికో అడ్డమైనట్టు. పదిలోపు అయితే మంచి వీధి. ఇరవై దాటితే తలనొప్పి. యాభై దాటిన చోట మనిషి కాపురం ఉండకూడదని ఆయన సిద్ధాంతం. ఈ బెల్లుల లెక్కంతా జేబులో పట్టే చిన్న నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాడు.

నాలుగేళ్ళలో ఆ పుస్తకాన్ని చూపించమని అడిగిన నరమానవుడు లేడు. అందరూ కార్ పార్కింగ్ ఉందా, లిఫ్ట్ ఉందా, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయా అని అడిగేవాళ్ళే.

"నీ బెల్లు లెక్క నీకు తప్పితే ఇంకెవురికి పనికొస్తాది?" అనేది రాజలక్ష్మమ్మ. ఆమె నవ్వుతూనే అనేది. ఆయనకు మాత్రం ప్రతిసారీ బాధగానే ఉండేది.

అలాంటి రోజుల్లో, మే నెల మొదటి వారంలో, హనుమకొండ నుంచి వెంకట్రామ్ అనే ఆయన ఫోన్ చేశాడు. అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీకి మేనేజర్‌గా వస్తున్నాడట. భార్య సింధూరి, ఐదో తరగతి పూర్తిచేసిన కూతురు ప్రణతి.

"సార్, మాకు బైక్ ఫ్రెండ్లీ ఏరియాల ఇల్లు గావాలె," అన్నాడు.

బైక్ అంటే మద్రాసులో ఇంకేముంటుంది? తిరువేంగడం వెతికి వెతికి రెండు ఇళ్ళు పట్టాడు. వాళ్ళు టి. నగర్‌లో నెలబాడుగ ఫ్లాట్‌లో దిగిన మర్నాడే రప్పించి, మొదటి ఇంటి ముందున్న సిమెంటు అరుగును గర్వంగా చూపించాడు. "చూడండి సార్, ఈడ రెండు బుల్లెట్లు, ఒక స్కూటీ సుమ్మా జమ్మని, దర్జాగా నిలబడతాయి. వాన పడినా సీటు తడవదు."

వెంకట్రామ్ ఏదో అనబోయేలోపు కారులోంచి ప్రణతి దిగింది. రెండు జడలు, ముక్కు మీద చెమట, మొహంలో పెద్ద అనుమానం.

"తాతా, మాకు బైకే లేదు. సైకిల్. నా సైకిల్."

వెంకట్రామ్ నసిగాడు. "మా బిడ్డ నాలుగో తరగతి నుంచి ఒక్కతే సైకిల్ మీద బడికి పోతది సార్. మద్రాస్ పోదామంటే దోస్తులను ఇడిచిపెడతా అన్నది, ఇల్లు ఇడిచిపెడతా అన్నది. ఒక్కటే అడిగింది. ఎవ్వరూ ఎంబడి రాకుండ, ఒక్కదాన్నే సైకిల్ మీద బడికి పోవాలె అని. నేను మాటిచ్చిన."

నాలుగేళ్ళకు ఒక గిరాకీ సైకిల్ అన్న మాట ఎత్తింది, అది కూడా పదకొండేళ్ళ గిరాకీ. తిరువేంగడం జేబులోంచి నోటుపుస్తకం తీసి, అది ఏమిటో, ఎట్లా రాశాడో ఆ పిల్లకు పేజీ పేజీ తిప్పి వివరించాడు. ప్రణతి ఒక్క పేజీ కూడా వదలకుండా చూసింది. యాభై ఎనిమిది బెల్లుల వీధి దగ్గర ఆగి, "అమ్మో," అంది.

ఆ "అమ్మో"కి ఆయన పూర్తిగా పడిపోయాడు. "పాపా, నీకు ఏడు బెల్లుల దారి చూపిస్తా. అంతకు మించి ఒక్క బెల్లు ఎక్కువైందంటే నా పేరు మార్చుకుంటా," అన్నాడు. అట్లా ఆ పిల్ల చేతిలో ఒకటికి రెండు మాటలు పడ్డాయి, తండ్రిది ఒకటి, తాతది ఒకటి.

మాట ఇచ్చేశాక నాలుగు రోజులు ఆయనకు తిండి సయించలేదు. ఐదో రోజు కొరట్టూరులో ఇల్లు దొరికింది. ఓనరు ధర్మలింగం లేతు మెషిన్ మీద జీవితమంతా గడిపి రిటైరైనవాడు, పైన తానుంటూ కింది భాగం బాడుగకిస్తాడు. ముప్ఫై అడుగుల వీధి, రెండు పక్కలా వేపచెట్లు, వెనక బావి. బడి కిలోమీటరున్నర. తిరువేంగడం మూడు రోజులు పొద్దున్నే సరిగ్గా పిల్లలు బడికెళ్ళే సమయానికి ఆ దారిలో తొక్కాడు. సెలవులు కదా, పిల్లలు ఉండరని ఎవరైనా అంటారేమో అని మూడో రోజు పాలబండ్లు తిరిగే వేళకు కూడా తొక్కాడు. తొమ్మిది, ఏడు, ఏడు. మొదటి రోజు తొమ్మిదిలో రెండు ఒకే ఆవుకు కొట్టినవి, కాబట్టి అవి లెక్కలోకి రావని తీర్మానించుకున్నాడు.

వెంకట్రామ్‌కి అడ్రసు, ఓనరు నంబరు పంపించి ఆదివారం వచ్చి చూడమన్నాడు. శనివారం పొద్దున ధర్మలింగం దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మనిషి మండిపోతున్నాడు. మీ తెలుగాయన ఫోన్ చేసి ఒక్కొక్కటే అడిగాడప్పా, అడిగినవన్నీ ఉన్నాయనే చెప్పాను, ఒక్కటైనా లేదనలేదు, అంతా విని వద్దని పెట్టేశాడు, ఇదేం మర్యాద అని తమిళంలో దులిపేశాడు.

తిరువేంగడం కంగారుగా వెంకట్రామ్‌కి ఫోన్ చేశాడు.

"ఏమనుకోకున్రి సార్," అన్నాడు వెంకట్రామ్. "ఇంకో ఇల్లు చూసుకున్నం. పద్నాలుగో అంతస్తు. సాయంత్రం అయిదింటికి సంతకం. ముందట పెద్ద రోడ్డే, సైకిల్ నడవది. బిడ్డకు స్కూల్ వ్యాన్ మాట్లాడుతున్న."

"మరి కొరట్టూరు ఇల్లు?"

"అదంతా ఇరుకంట గద. ఓనరే చెప్పిండు. మంచి మనిషి సార్, ఏదీ దాచలే."

తిరువేంగడానికి చెవుల్లోంచి ఆవిర్లు వచ్చినంత పనైంది. ముప్ఫై అడుగుల వీధి ఇరుకా? మూడు రోజులు తాను తొక్కిన వీధి ఇరుకా? ఆయన చొక్కా తొడుక్కుని సైకిల్ బయటికి తీశాడు.

"ఈ ఎండలో టి. నగర్ పోతావా? సైకిల్ మింద? నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అంది రాజలక్ష్మమ్మ.

"ఆ పిల్లకి మాటిచ్చినా."

ఆమె తడిపిన తువ్వాలు ఆయన తలకు తానే చుట్టి, మజ్జిగ సీసా హ్యాండిల్‌కి తగిలించి పంపింది.

విల్లివాక్కం నుంచి టి. నగర్‌కి మే నెల ఎండలో సైకిల్ తొక్కడం అరవై నాలుగేళ్ళ మనిషి చేసే పని కాదు. బస్సు ఎక్కవచ్చు, రైలెక్కి మారవచ్చు, ఆటో మాట్లాడుకోవచ్చు. కోపంలో ఉన్న పోస్ట్‌మాన్‌కి ఇవేవీ తట్టవు. కోడంబాక్కం వంతెన ఎక్కేటప్పుడు దిగి తోశాడు. అలవాటు కొద్దీ బెల్లులు లెక్కపెడుతూనే ఉన్నాడు గానీ, టి. నగర్‌లో చీరల సంచులు మోసుకెళ్తున్న ఒక కుటుంబం పదకొండుమందితో రోడ్డుకు అడ్డంగా నిలబడి ఐస్‌క్రీమ్ తింటుంటే, నూట పన్నెండు దగ్గర లెక్క తప్పింది.

ఫ్లాట్ తలుపు సింధూరి తీసింది. ఆయన వాలకం చూసి హడలిపోయి ముందు ఫ్యాను కింద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. హాల్లో ఒక మూల, లారీవాళ్ళు దుప్పటిలో చుట్టి తాళ్ళతో కట్టిన సైకిల్ ఆ కట్టు విప్పకుండానే గోడకు ఆనించి ఉంది. దాని పక్కనే నేల మీద ప్రణతి కూర్చుని ఉంది. తాతను చూసి కూడా లేవలేదు. అది చూస్తే తిరువేంగడానికి ఎండలో తిరగని కళ్ళు అప్పుడు తిరిగాయి.

"పొద్దటి నుంచి గిట్లనే కూసున్నది," అంది సింధూరి మెల్లగా. "అన్నం తినలే."

వెంకట్రామ్ మొహం తప్పు చేసినవాడిలా ఉంది. "నాకు మాత్రం ఇష్టమా సార్? ఎట్లున్నదో ముందుగాల కనుక్కుందామని ఫోన్ చేసిన. నాకు తమిళం రాదు, ఆయనకు తెలుగు రాదు. ఒక్కొక్క మాట ఇంగ్లీషుల అడిగిన, ఆయన చెప్పిండు, రాసుకున్న. చూడున్రి." కాగితం చేతికిచ్చాడు.

తిరువేంగడం కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివాడు.

"గేటు, ఇరుకు. వరండా, ఇరుకు. వీధి, ఇరుకు. బావి, ఇరుకు." ఆగాడు. "బావి ఇరుకేంది సార్? బొక్కెన పట్టదా?"

"నాకేం తెలుసు? ఆయన అన్నడు."

"చెట్లు, ఇరుకు. కరెంటు..." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "కరెంటు ఇరుకు?"

"సన్న వైరేమో అనుకున్న," అన్నాడు వెంకట్రామ్. ఈసారి గొంతులో అంత ధీమా లేదు.

"ఇవన్నీ సర్దుకుందుము అంకుల్," అని సింధూరి అందుకుంది. "కానీ నీళ్ళ తిప్పలు పడలేం గద. ఇల్లు మొత్తం మీద ఎట్లుంటదని అడిగితే, నల్లా ఇరుకు, నల్లా ఇరుకు అని మూడుసార్లు చెప్పిండంట."

"నల్లా అంటే?"

"నల్లా అంటే నల్లా. నీళ్ళొచ్చేది."

"అది కొళాయి గదమ్మా!"

"మా దిక్కు నల్లా అంటరు."

తిరువేంగడం కాగితాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. నల్లా ఇరుకు. నల్లా ఇరుక్కు. పుట్టినప్పటి నుంచి ఆ రెండు మాటలూ ఆయన నోట్లోనే కాపురం ఉన్నాయి. ఒకటి తెలుగు వాటాలో, ఒకటి తమిళం వాటాలో. అరవై నాలుగేళ్ళలో ఒక్కసారైనా ఒకదానికొకటి ఎదురుపడలేదు.

ముందు ఆయన భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. ఆ తర్వాత తలకు చుట్టిన తువ్వాలు ఊడి కింద పడేంతగా నవ్వాడు. దగ్గు వచ్చింది. సింధూరి మళ్ళీ నీళ్ళు తెచ్చింది.

"సార్, ఆయన ఇరుకు అనలా. ఇరుక్కు అన్నాడు. తమిళంలో ఇరుక్కు అంటే ఉండాది అని. గేటు ఉండాదా అని మీరు అడిగితే ఆమా, ఉండాది అన్నాడు. బావి ఉండాది. చెట్లు ఉండాయి. కరెంటు ఉండాది!"

వెంకట్రామ్ కాగితంలోకి మళ్ళీ తొంగిచూశాడు.

"మరి నల్లా?" అంది సింధూరి.

"నల్లా అంటే బాగా అనమ్మా. నల్లా ఇరుక్కు అంటే బాగుండాది అని. ఇల్లు ఎట్లుంటదంటే బాగుండాది, బాగుండాది, బాగుండాది అని మూడుసార్లు చెప్పినాడు పాపం. మీరేమో వద్దన్నారు. ఆ మనిషి పొద్దున్నుంచి నన్ను తిడతా ఉండాడు."

అంతవరకూ గోడ దగ్గరే ఉన్న ప్రణతి లేచి వచ్చి, తాత ఒళ్ళోంచి కాగితం లాక్కుంది. గట్టిగా, బడిలో పాఠం చదివినట్టు చదివింది.

"గేటు ఉన్నది. వరండా ఉన్నది. వీధి ఉన్నది. బావి ఉన్నది. చెట్లు ఉన్నయి. మంచిగున్నది. మంచిగున్నది. మంచిగున్నది." కాగితం దించి తండ్రి వంక చూసింది. "డాడీ, టైం ఒంటిగంటే అయింది."

వెంకట్రామ్‌కి ఇంకా అనుమానం తీరలేదు. మేనేజర్లకు అనుమానం ఒక పట్టాన తీరదు. "ఇల్లు ఉన్నది సరే. దారి సంగతి ఏంది? పెద్దమనిషి ఏడు బెల్లులంటడు, అది నమ్మి బిడ్డను ఒక్కదాన్నే పంపాల్నా?"

"నమ్మొద్దు సార్. తొక్కి చూడండి," అన్నాడు తిరువేంగడం.

పది నిమిషాల్లో వీధి చివరి నుంచి కుట్టియానై వచ్చింది. ఏనుగుపిల్ల అని దాని అర్థం, మద్రాసువాళ్ళు చిన్న సరుకుల బండికి పెట్టుకున్న ముద్దుపేరు. దాని మీద పోస్ట్‌మాన్ సైకిల్, దుప్పటి విప్పిన ప్రణతి సైకిల్, వాటిని పట్టుకుని తిరువేంగడం. వెనక కారులో కుటుంబం. ప్రణతి ఏనుగుపిల్ల ఎక్కుతానని అల్లరి చేసి తల్లి చేత చివాట్లు తింది.

కొరట్టూరు చేరాక తిరువేంగడం తన సైకిల్‌ని వెంకట్రామ్ చేతికిచ్చాడు. "పాప ముందర పోతాది. మీరు ఎనక పోండి. పిలవొద్దు, చెప్పొద్దు. ఎవురన్నా అడ్డమొస్తేనే బెల్లు. ఇద్దరివీ కలిపి లెక్కపెట్టండి."

వెంకట్రామ్ సైకిల్ ఎక్కి ఇరవై ఏళ్ళయింది. మొదటి పది గజాలు పాము పాకినట్టు పోయాడు. వేపచెట్ల నీడలో తండ్రీ కూతుళ్ళు మలుపు తిరిగి కనబడకుండా పోయారు.

గేటు దగ్గర మిగిలినవాళ్ళకు ధర్మలింగం కాఫీ తెచ్చిచ్చాడు. సింధూరి బావి వైపు చూపించి కనుబొమ్మలెత్తింది. "ఇరుక్కు," అన్నాడాయన గంభీరంగా. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిరువేంగడం మాత్రం కాఫీ చేతిలో పట్టుకుని మలుపు వైపే చూస్తున్నాడు. శనివారం, మధ్యాహ్నం మూడు. ఈ వేళకు ఆయన ఎప్పుడూ తొక్కి చూడలేదు. రేషన్ షాపు దగ్గర వరుస ఉంటే? ఆ ఆవు మళ్ళీ వస్తే? కాఫీ చల్లారిపోయింది. పేరు మార్చుకోవడం పెద్ద కష్టం కాదు, గోడ పక్కన కూర్చున్న ఆ పిల్ల మొహం మళ్ళీ చూడటమే కష్టం.

పావుగంటకు ఇద్దరూ వచ్చారు. వెంకట్రామ్ చొక్కా తడిసి ముద్దయింది. దిగి, ఊపిరి పీల్చుకుని, "ఎనిమిది," అన్నాడు.

తిరువేంగడం చల్లారిన కాఫీని గోడ మీద పెట్టేశాడు.

"అబద్ధం తాతా!" అని అరిచింది ప్రణతి. "ఎనిమిదోది నాకోసం కొట్టిండు. నేను ముందట పోతున్నానని, ఆగు ఆగు అని కొట్టిండు. గది లెక్కల రాదు!"

అందరూ వెంకట్రామ్ వైపు చూశారు. ఆయన చెమట తుడుచుకుంటూ కూతురి వంక చూశాడు. మద్రాసు వచ్చాక ఆమె మొహం ఇంతగా వెలగడం ఇదే మొదటిసారి. "రాదు," అని ఒప్పుకున్నాడు. ఫోన్ తీసి పద్నాలుగో అంతస్తువాళ్ళకు, సంతకానికి రావడం లేదని చెప్పాడు. తర్వాత ధర్మలింగం దగ్గరికెళ్ళి, కొత్తగా నేర్చుకున్న రెండు ముక్కలూ కలిపి, "సార్, ఇల్లు నల్లా ఇరుక్కు," అన్నాడు. పొద్దుట వద్దన్న మనిషే ఈ మాట అంటుంటే ధర్మలింగానికి ఏమీ అర్థం కాలేదు. తెలుగువాళ్ళంటే ఇంతేనేమో అనుకుని తాళంచెవి ఇచ్చాడు.

జూన్‌లో బడి తెరిచారు. రెండో వారంలో ఒక సాయంత్రం తిరువేంగడం అటుగా వెళ్ళి, బడి నుంచి వస్తున్న ప్రణతిని గేటు దగ్గర ఆపాడు. "పాపా, ఈ పొద్దు ఎన్ని?"

"నలభై ఆరు."

ఆయన సైకిల్ దిగిపోయాడు. "నలభై ఆరా! ఏమయింది? రోడ్డు తవ్వినారా? పెళ్ళి పందిరేమన్నా వేసినారా?" నోటుపుస్తకం తీసి, ఏడు అన్న అంకె కొట్టేయడానికి పెన్ను కూడా తీశాడు.

"తవ్వలే తాతా. దారి మంచిగనే ఉన్నది. పూలమ్మే అమ్మాసి అవ్వకు ఒకటి, ఇస్త్రీ చేసే కన్నియప్పన్ తాతకు ఒకటి, మిద్దె మీద నిలబడే కళ్ళద్దాల ఆంటీకి ఒకటి, ఆ నల్లకుక్కకు రెండు..."

"వాళ్ళంతా నీకు అడ్డం వస్తా ఉండారా?"

ప్రణతి ఆయన్ను జాలిగా చూసింది. "అడ్డం ఎందుకొస్తరు? వాళ్ళ గేటు కాడ వాళ్ళు కూసుంటరు. నేను పోతున్న అని కొడతా. వాళ్ళు చెయ్యి ఊపుతరు."

అని, గేటు తోసుకుని, ధర్మలింగానికి ఒక బెల్లు కొట్టి లోపలికి వెళ్ళిపోయింది.

తిరువేంగడం పెన్ను మూత పెట్టాడు. ముప్ఫై ఆరేళ్ళు తాను కొట్టిన బెల్లు కూడా ఇదే కదా అనుకున్నాడు. ఆ బెల్లు వింటే జనం బయటికి వచ్చేవాళ్ళు. పొంగే పాలు దించి, చేతులు తుడుచుకుంటూ, నాకేమైనా వచ్చిందా అని పరుగెత్తుకొచ్చేవాళ్ళు. సంచీ పోయిన ఈ నాలుగేళ్ళలో ఆయన బెల్లు కొట్టిందంతా జనాన్ని పక్కకు తప్పుకోమనడానికే.

ఇంటిదారి పట్టాడు. ఇస్త్రీ బండి దగ్గరికి రాగానే, రోడ్డంతా ఖాళీగా ఉన్నా, బెల్లు కొట్టాడు. వంగి దుప్పటి మడుస్తున్న కన్నియప్పన్ తల ఎత్తాడు. ఆ బెల్లు ఆయనకు పాతికేళ్ళ పరిచయం. దుప్పటి పక్కన పెట్టి, అలవాటుగా చెయ్యి చాపేశాడు.

"ఎన్నప్పా, లెటర్ ఇరుక్కా?"

"లెటర్ ఇల్లె," అన్నాడు తిరువేంగడం. "నాన్ ఇరుక్కేన్."

ఉత్తరం లేదు, నేనున్నాను అని. కన్నియప్పన్ పకపకా నవ్వి, చాపిన చెయ్యి పైకెత్తి ఊపాడు. ఆ పొద్దు విల్లివాక్కం చేరేసరికి యాభై మూడు బెల్లులయ్యాయి.